ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుని ఎంతవరకు నమ్మొచ్చు?

వేళచ్చేరి_నాన్న:
మాది నెల్లూరు, చెన్నై వచ్చి 15 ఏళ్లయింది. పాపకి టీఎన్‌ఈఏలో (తమిళనాడు ఇంజినీరింగ్ అడ్మిషన్లు) కటాఫ్ 200కి 186. ఒక పాత ప్రభుత్వ కాలేజీలో మెకానికల్ వచ్చేలా ఉంది కానీ కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ కాలేజీ ర్యాంకుల లిస్టులో దాని జాడే లేదు. మా దగ్గర్లో ఉన్న డీమ్డ్ యూనివర్సిటీకేమో మంచి ర్యాంకు, గేటు నుంచి బస్సుల వెనక దాకా ఆ అంకే. ఫీజు ఏడాదికి మూడు లక్షల పైమాటే. ర్యాంకుంటే చదువు బాగున్నట్టా, డబ్బున్నట్టా? మా ఆవిడ ర్యాంకు వైపు, నేను ఫీజు వైపు, రోజూ గొడవే.

ఎక్సెల్_బాధితుడు:
సార్, నేనొక ప్రైవేటు కాలేజీలో (పేరొద్దు) నాలుగేళ్లు పాఠాలు చెప్పాను, అందులో రెండేళ్లు ఈ ర్యాంకు డేటా నింపే పని నా నెత్తినే పడింది. అవునండీ, డేటా ఇచ్చేది కాలేజీయే. నూటికి 30 మార్కులు బోధన, వనరులకి, 30 పరిశోధనకి, 20 బయటికెళ్లే పిల్లల ఫలితాలకి. మిగతా 20లో ఒక 10 జనంలో ఉన్న పేరుకి. ఆ మొదటి 30లో విద్యార్థి మీద ఎంత ఖర్చు పెట్టారన్న లెక్క కూడా ఉంది, అంటే డబ్బు నేరుగా మార్కులవుతుంది. పరిశోధన సంగతి ఇంకా తమాషా. ఇన్ని పేపర్లు రాయకపోతే ఇంక్రిమెంట్ లేదన్నారు మాకు, దాంతో క్లాసుకి వెళ్లాల్సిన మనిషి స్టాఫ్‌రూములో కూర్చుని పక్కవాడి పేపర్‌లో తన పేరు పెట్టించుకోడానికి బేరం. తప్పో మోసమో బయటపడి వెనక్కి తీసుకున్న పేపర్లకి మార్కులు కోసే పద్ధతి 2025లో తెచ్చారంటే జబ్బు ఎంత ముదిరిందో చూడండి. పాఠం బాగా చెప్తున్నారా అన్న గడి మాత్రం నేను నింపిన షీట్లలో ఒక్కటీ లేదు.

బెంగళూరు_పీహెచ్‌డీ:
అన్నా, డబ్బుని మరీ తీసిపారేయకు. ఎమ్మెస్సీ చేసిన చోట మైక్రోస్కోప్ బల్బు మాడిపోతే కొత్తది రావడానికి ఒక సెమిస్టర్ పట్టింది, ఇక్కడ మర్నాటికల్లా వచ్చేస్తుంది. మా ఊళ్లో ఐఐఎస్‌సీనే (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) తీసుకో, 1909లో మొదలైంది, టాటా సొమ్ము, మైసూరు సంస్థానం ఇచ్చిన 371 ఎకరాలు. ఎన్ఐఆర్ఎఫ్ మొదటి లిస్టు వచ్చిందే 2016లో, అంటే డబ్బు ముందు, ర్యాంకు తర్వాత! అయినా ఆ ఐఐఎస్‌సీకే క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల 2023 లిస్టులో ఒక్కో ఫ్యాకల్టీకి వచ్చే సైటేషన్లలో (వాళ్ల పేపర్లని వేరేవాళ్లు ఉటంకించిన లెక్క) నూటికి నూరు వచ్చి, మొత్తం ర్యాంకు 155 దగ్గర ఆగింది. అప్పట్లో 40 శాతం మార్కులు ప్రొఫెసర్లని అడిగి చేసే పేరుప్రతిష్ఠల సర్వేకే, అది మరి. ఇక పోస్టులు ఖాళీగా వదిలేసిన ప్రభుత్వ కాలేజీ ర్యాంకు జారిందంటే అక్కడున్న మాస్టార్ల తప్పు కాదు.

వేళచ్చేరి_నాన్న:
ఇద్దరికీ థాంక్స్. ఇంతకీ నేను ఏం చూడాలి?

ఎక్సెల్_బాధితుడు:
ర్యాంకున్న కాలేజీ ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఎన్ఐఆర్ఎఫ్ సైట్‌లోనే ఉంటుంది. మధ్యస్థ జీతం ఒక్కటే చూసి మురిసిపోకండి, పక్క గడిలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో చూడండి. ల్యాబు పరికరాల మీద పెట్టిన ఖర్చు మూడేళ్లదీ ఉంటుంది. తర్వాత పాపని వెంటబెట్టుకుని రెండు చోట్లకీ మామూలు పనిరోజు వెళ్లండి, ఓపెన్ డే నాడు కాదు. మెకానికల్ అన్నారుగా, వర్క్‌షాపులో లేత్ కింద ఇనుప రజను ఉందో, దుమ్ము ఉందో చూసుకోండి.