బ్యాటరీ కారిన 486 మదర్‌బోర్డు: మూడు బీప్‌లకు కారణం మెమరీ సిమ్‌లా, బోర్డా?

సిమ్‌సాకెట్:
30 పిన్ సిమ్‌ల (మెమరీ పట్టీల) 486 బోర్డు, పాత పీసీది. ఏఎంఐ బయోస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్). 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి కీబోర్డు సాకెట్ చుట్టూ పచ్చగా పట్టింది. బ్యాటరీ పీకేశాను. నాలుగు 1 ఎంబీ సిమ్‌లు పెడితే మూడు బీప్‌లు, తెర మీద ఏమీ రాదు. సిమ్‌లను వేలితో నొక్కి పట్టుకుంటే ఒక్కోసారి మెమరీ లెక్క మొదలై ఆగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతబోర్డు:
ఏఎంఐలో మూడు బీప్‌లంటే మొదటి 64 కేబీ మెమరీలో తేడా. నొక్కితే కదలిక వస్తోంది కాబట్టి నా అనుమానం సాకెట్ మీదే. సిమ్‌లను అప్పుడే పక్కన పడేయకండి.

ముందు శుభ్రం చేయాలి. బ్యాటరీ నుంచి కారేది క్షారం. తెల్ల వెనిగర్‌ను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రోజంతా ఆరనివ్వండి. వెనిగర్ మిగిలితే అదీ రాగిని తినేస్తుంది.

తర్వాత సిమ్‌లన్నీ తీసి, మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టండి. ఒకే బ్యాంకులోని (కలిసి పనిచేసే గుంపులోని) నాలుగు సాకెట్లకూ అడ్రస్ లైన్లు ఉమ్మడి: 4, 5, 7, 8, 11, 12, 14, 15, 17, 18, 19 పిన్నులు. మొదటి సాకెట్‌లో 4 నుంచి మిగతా మూడింటి 4కూ బజర్ మోగాలి, మిగతావీ అంతే. మోగని చోట ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) తెగినట్టే, సన్నని తీగతో కలపండి. డేటా లైన్లు (3, 6, 10, 13, 16, 20, 23, 25) సాకెట్‌కు సాకెట్‌కు వేరు కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు, చిప్‌సెట్ దాకా వెతకాల్సిందే.

టాంటలమ్:
మళ్లీ కరెంటు ఇచ్చే ముందు +5, +12, -12, -5 లైన్లకూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. దాదాపు సున్నా వస్తే ఆ లైను మీది టాంటలమ్ కెపాసిటర్ షార్ట్ అయిందేమో చూడాలి, ముఖ్యంగా 12 వోల్టుల వైపు. పీ8, పీ9 (బోర్డుకు కరెంటు ఇచ్చే రెండు కనెక్టర్లు) పెట్టేటప్పుడు నల్ల తీగలన్నీ మధ్యలో కలవాలి, తారుమారైతే బోర్డు పోతుంది. బ్యాటరీ స్థానంలో నేరుగా సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అతికించకండి. బోర్డు దాన్ని ఛార్జ్ చేయబోతుంది, కానీ అది ఛార్జ్ చేసుకునే రకం కాదు. మధ్యలో షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి, దాని మీద గీత ఉన్న వైపు బోర్డుకు ఉండాలి.

సిమ్‌సాకెట్:
అడ్రస్ లైన్లలో 11వ పిన్ తెగి ఉంది, తీగ వేశాను. ఇప్పుడు బూట్ అవుతోంది, కానీ పారిటీ ఎర్రర్ వస్తోంది. మూడు సిమ్‌లకు తొమ్మిదేసి చిప్‌లు, ఒకదానికి ఎనిమిదే.

పాతబోర్డు:
ఆ ఎనిమిది చిప్‌ల దానిలో పారిటీ బిట్ (డేటాలో తప్పు పట్టే అదనపు బిట్) లేదు. బయోస్ సెటప్‌లో పారిటీ చెక్ ఆపేయండి, లేదా తొమ్మిది చిప్‌లది మరొకటి తెచ్చి పెట్టండి. నాలుగూ ఒకే సైజు, ఒకే వేగం అయితే మేలు.

బూట్‌లో కనిపించే లెక్కను పరీక్షగా నమ్మకండి. ఎక్స్‌టర్నల్ క్యాష్ (బోర్డు మీది వేగమైన చిన్న మెమరీ) ఆపి, ఫ్లాపీ నుంచి మెమరీని పరీక్షించే పాత మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి. అందులో తప్పు లేకపోతే క్యాష్ పెట్టి మళ్లీ నడపండి. అప్పుడే తప్పులు వస్తే లోపం ఎస్‌ర్యామ్ (క్యాష్) చిప్‌లదో, క్యాష్ వెయిట్ స్టేట్‌లదో (చిప్ కోసం ఆగే సమయం సెట్టింగ్‌దో) అయ్యే అవకాశం ఎక్కువ.