ఆరు పోర్షన్ల బిల్డింగు: అద్దెలతో వాయిదా తీరుతుందా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో పాత బిల్డింగు 2.4 కోట్లు చెబుతున్నారు. ఆరు పోర్షన్లు, ఒక్కోదానికి 14 వేలు. చేతిలో 90 లక్షలున్నాయి, మిగతాది బ్యాంకు అప్పు. అద్దెలతోనే అప్పు తీరిపోతుందని మా ఆవిడ ధీమా. నిజమేనా?

జవాబు: కోటిన్నరకు 9 శాతం వడ్డీ, 20 ఏళ్లయితే నెల వాయిదా సుమారు 1,35,000. అద్దెలు 84 వేలు. మిగతా 51 వేలు మీ జీతంలోంచే పోవాలి. నేనూ ఇలాగే కొన్నాను. మొదటి వేసవిలోనే బోరు ఎండింది, అద్దె డబ్బులన్నీ నీళ్ల ట్యాంకర్లకే! ఏడాదికి పది నెలల అద్దే వస్తుందనుకుని లెక్క వేయండి. రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం, మరిచిపోకండి.

మరో జవాబు: ముందు మున్సిపల్ ప్లాను, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లు, అమ్మకాలు చూపే పత్రం) తీయించండి. ప్లానులో లేని అంతస్తును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. అమ్మేవారి మాట కాదు, అద్దె ఒప్పందాలు చూడండి.

ప్రశ్న అడిగినవారు: నిన్న వెళ్లి మెట్ల కింద కరెంటు మీటర్లు లెక్కపెట్టాను. ఐదే ఉన్నాయి! ఆరోది మేడమీద రేకుల గది, ప్లానులో లేదు. ఐదింటి లెక్కన ఎంతకు అడగమంటారు?