టీకాలోని యాంటీజెన్‌ను ఇమ్యునోగ్లోబ్యులిన్ అడ్డుకోదా?

పెద్దలకు నమస్కారం. మాది తిరుపతిలోని కొర్లగుంట. గత వారం మా అబ్బాయిని వీధికుక్క పిక్క మీద రక్తం వచ్చేలా కరవగా, ఆసుపత్రిలో గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (ముందే తయారైన యాంటీబాడీలు, అంటే వైరస్‌ను పట్టుకునే ప్రొటీన్లు), భుజానికి టీకాను ఒకే రోజు ఇచ్చారు. వాడు కులాసాగానే ఉన్నాడు, మిగతా టీకాలూ తేదీల ప్రకారం వేయిస్తున్నాము. నేను అడుగుతున్నది వైద్య సలహా కాదు, శాస్త్రం.

ఇంటర్‌లో బైపీసీ చదివినంత మేరకు, టీకాలోని చంపిన వైరస్ పైపొరలో ఉండే గ్లైకోప్రొటీన్ యాంటీజెన్‌గా, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే పదార్థంగా, పనిచేస్తుంది; డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, లింఫ్ గ్రంథుల్లోని సహాయక టీ కణాలకు చూపగా, అదే యాంటీజెన్‌ను గుర్తించిన బీ కణాలు వాటి తోడ్పాటుతో వృద్ధి చెంది యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఇందుకు 7 నుంచి 14 రోజులు పడుతుంది గనుక, అంతవరకు బయటి యాంటీబాడీలు గాయం దగ్గరే వైరస్‌ను పట్టుకుంటాయన్నది అర్థమయింది.

అర్థం కానిది ఒక్కటే. ఆ బయటి యాంటీబాడీలు రక్తంలో కలిసి, బీ కణాల కంటే ముందే టీకాలోని యాంటీజెన్‌ను కప్పివేయవా? మనిషి రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలో బరువుకు 20 యూనిట్లు మించకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పింది ఇందుకేనా? యాంటీబాడీ అంటుకున్నా బీ కణాలు గుర్తించగల భాగాలు యాంటీజెన్ మీద మిగులుతాయా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.