షేక్ చిన మౌలానా నాదస్వరం వినడానికి ఆయన కథ తెలియాలా?

ప్రశ్న: షేక్ చిన మౌలానా గారి పేరెత్తగానే ఆయన రాగాలాపన గురించి కాక, ముస్లిం అయి ఉండి రాముణ్ణి కొలిచి శ్రీరంగంలో స్థిరపడ్డారన్న మాటే ముందుగా వినిపిస్తుంది. సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయికి ఆయన కచేరీ వినిపించాలనుకుంటున్నాను. కథ ముందే చెబితే ఆమె చెవి ఆ వింత మీదే ఉండిపోతుందేమోనని సంశయిస్తున్నాను. మీ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం: ఏమీ చెప్పకుండా వినిపించండి. నాదస్వరంలో వేళ్లు రంధ్రాలను ఎంత మేరకు మూస్తున్నాయి, ఊపిరి ఎంత ఒత్తిడితో వెళ్తోంది అన్నదాన్ని బట్టే గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, పలుకుతుంది. ఆ పలుకులో విద్వాంసుని మతం గానీ, ఊరు గానీ వినిపించవు. ఆ అమ్మాయి నేర్చుకోవలసింది ఆ పలుకునే.

మరొక సమాధానం: మాది ఒంగోలు ప్రాంతం. మీరు వింత అంటున్నది మాకు వింత కాదు. ఆయన పుట్టిన కరవది, ఆయన ఆదం సాహెబు గారి వద్ద విద్య నేర్చిన చిలకలూరిపేట, ఈ చుట్టుపక్కల ఊళ్లలో గుడి ఉత్సవాలకూ పెళ్లిళ్లకూ తరతరాలుగా సన్నాయి వాయిస్తున్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన నాదస్వర దంపతులు కాలీషాబీ, మహబూబ్ సుభానీలదీ ఇదే పరంపర. కనుక కథ చెప్పదలిస్తే ‘అయి ఉండి’ అన్న మాట తీసేసి చెప్పండి, ఎందుకంటే ఆ ఒక్క మాటతో ఒక ప్రాంతపు వృత్తి సంప్రదాయమంతా ఒక మనిషి విచిత్రంగా మారిపోతుంది.

మరొక సమాధానం: పై మాటతో ఏకీభవిస్తూనే, కథ అనవసరమన్న మొదటి అభిప్రాయాన్ని మాత్రం ఒప్పుకోలేను. అభిమానులు ఎక్కువగా చెప్పుకోని భాగం ఒకటుంది. ఇక్కడ నేర్చినదానితో ఆగక, తమిళ నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్లై వాద్యం మీది మక్కువతో తంజావూరు బాణీని వెతుక్కుంటూ వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణుల దగ్గర ఆయన మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. ఆ బాణీలో రాగాన్ని తొందర లేకుండా విస్తరించే పద్ధతి ఆయన వాద్యంలో స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి, ఈ సంగతి తెలిసిన చెవి ఆలాపనలో ఆయన ఎక్కడ నిలిచారో, ఎందుకు నిలిచారో గమనిస్తుంది. ఇక రామభక్తి ఎవరో అంటగట్టినది కాదు, ఆయన స్వయంగా జీవించినది; దాన్ని దాచడం కూడా న్యాయం కాదు. 1998లో ఆయనకు దక్కిన మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి గౌరవం మాత్రం వాద్యానికే దక్కింది. మొదటిసారి ఊరికే విననివ్వండి. రెండోసారి వినే ముందు గురువుల సంగతి చెప్పండి. మిగిలినది అమ్మాయి తానే అడుగుతుంది.