ఇంజిన్ మార్చాక 50 దాటితే జీపు వణుకుతోంది

ప్రశ్న, భవానీపురం నుంచి:
పాత మహీంద్రా జీపులో పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించాను. గేర్‌బాక్సు కూడా మారింది. ఆటోనగర్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుని తిప్పే గొట్టం) కొత్త కొలతకు కోయించి, బ్యాలెన్సింగ్ చేయించి, కొత్త క్రాసులు (షాఫ్ట్ చివర్ల వంపులో తిరిగే కీళ్లు) వేయించాను. అయినా 50 దాటితే అడుగు నుంచి గుర్రుమని ఒకటే వణుకు. యాక్సిలరేటర్ వదిలితే ఇంకా ఎక్కువ. ఇంజిన్, షాఫ్ట్, హౌసింగ్ (వెనక ఇరుసు) మూడూ ఒకే గీత మీద ఉండాలంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు:
ఒకే గీత అక్కర్లేదు తమ్ముడూ. గేర్‌బాక్సు షాఫ్టూ, పినియనూ (హౌసింగ్‌లో షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అంతే. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ముందు క్రాస్ పెట్టిన ఆ పేచీని వెనక క్రాస్ అంతే వంపుతో తీర్చాలి. వంపులు కలవకపోతే బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా డబ్బు దండగ. అలాగని పూర్తిగా తిన్నగా పెడితే క్రాసులో సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. 1 నుంచి 3 డిగ్రీల వంపు మంచిది.

షాఫ్ట్ కోయించానన్నావు కాబట్టి ముందు దాని రెండు చివర్ల యోకులు (క్రాసుని పట్టుకునే చీలిన కొసలు) ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడు. తర్వాత బండిని చదునైన చోట చక్రాల మీదే నిలబెట్టి గేర్‌బాక్సు, షాఫ్ట్, పినియన్ ఎంత వాలాయో కొలువు. జాకీ మీద లేపితే హౌసింగ్ వేలాడి లెక్క తప్పుతుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు.

అడిగినవారు:
కొలిచాను అన్నా. యోకులు బాగానే ఉన్నాయి. గేర్‌బాక్సు వెనక్కి 6 డిగ్రీలు వాలింది, షాఫ్ట్ 9, పినియన్ కూడా అటే 1.

జవాబు:
దొరికింది. ముందు క్రాస్ దగ్గర 9లో 6 పోతే 3. వెనక 9లో 1 పోతే 8. తేడా 1 డిగ్రీ లోపు ఉండాల్సింది, నీకు 5 ఉంది! యాక్సిలరేటర్ వదిలితే ఎక్కువైందంటేనే పినియన్ ముక్కు ఉండాల్సిన దానికన్నా కిందికి ఉందని నా అనుమానం. తొక్కినప్పుడు అది కొంచెం లేచి సర్దుకుంటోంది.

హౌసింగ్‌కీ కమాన్ కట్టకీ (ఆకుల స్ప్రింగు) మధ్య 4 డిగ్రీల టేపర్ ప్లేట్లు (ఒకవైపు మందంగా ఉండే పలకలు) వేయించు. కట్ట హౌసింగ్ కింద ఉంటే ప్లేటు మందం వైపు ముందుకి, పైన ఉంటే వెనక్కి. పినియన్‌ను మరీ గేర్‌బాక్సుతో సమంగా 6కి తేవద్దు, లోడ్ పడితే ఆ మిగతాది తనే లేస్తుంది. ప్లేట్లు ఇనుమువే చేయించు, అల్యూమినియంవి పగులుతాయి. కట్ట మధ్య బోల్టు కాస్త పొడుగుది కావాలి. కొన్నాళ్లు తిరిగాక, కట్టని హౌసింగ్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించు.

ఇంకొకరు, గుంటూరు నుంచి:
ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ముందు హౌసింగ్‌కి మాత్రం ఇదే వైద్యం చేయకండి బ్రదర్, క్యాస్టర్ (ముందు చక్రాలు మలుపు తిరిగే పిన్ను వాలు) మారి స్టీరింగ్ గోల మొదలవుతుంది. అన్నట్టు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో మార్పించారా? లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర తలనొప్పే.