కంది పూత మీద మందు కొట్టాలా, తేనెటీగల కోసం ఆగాలా?

పాకాల రైతు:
చెనిక్కాయలో 7 సాళ్లకు ఒక సాలు కంది వేశా. పూత బాగా వచ్చింది, వెంటే పూలను గూడు కట్టి తినే మరుకా పురుగూ దిగింది. షాపులో రెండు మందులు కలిపి పొద్దున్నే కొట్టమన్నారు. పక్క మామిడి తోట ఆయన తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు, పూత అయ్యేదాకా ఆగమంటాడు. ఆగితే నా కాయలు పోవా?

చంద్రగిరి మామ:
కొట్టెయ్ అల్లుడూ. చెనిక్కాయకు తేనెటీగతో పనే లేదు. కంది కూడా చాలావరకు మొగ్గలోనే పని కానిచ్చుకుంటుంది. ఆయన తేనెకు నీ పప్పు ధారపొయ్యాలా? పైగా ఇంటి విత్తనం దాచుకునేవాళ్లకు ఇవి తలనొప్పి. మా ఎర్ర కందిలో మూడేళ్లకు తెల్ల గింజలు తేలాయి, పక్క చేను పుణ్యమా అని.

గట్టు మీది మనిషి:
మామా, విత్తనం కలిసేది నిజమే. కందిలో పక్క మొక్క పుప్పొడితో కట్టే గింజలు సగటున 20 శాతం దాకా ఉంటాయి. విత్తనానికి నాలుగు మొక్కలకు పూత రాకముందే దోమతెర కప్పితే సరి.

తేనె మాట వదిలెయ్. పెట్టెలో లేని ఈగల సంగతి చెప్తా. నిన్న పదింటికి కంది సాలు దగ్గర నిలబడ్డా. నల్ల తుమ్మెద వాలగానే పువ్వు కింది రేకు ఒంగింది, దాని పొట్టంతా పసుపు. కంది ఆకు అంచున జాకెట్ గుడ్డ కత్తిరించినట్టు గుండ్రటి కోతలుంటాయి కదా, అది తెగులు కాదు. ఆ ముక్కలతో గూడు కట్టుకునే ఈగ పని. దానికి మందు కొట్టినవాళ్లున్నారు (ఒకసారి నేనూ కొట్టా). గుమ్మడి, దోస పిందె నిలవాలంటే ఇలాంటివే కావాలి.

పాకాల తమ్ముడూ, ముందు పూల మీది ఆ మరుకా గూళ్లు విప్పి చూడు, లోపల పురుగుందో, ఖాళీయో. ఉంటే కొట్టు, ఒక్క మందే, సాయంత్రం ఐదు దాటాక. షాపువాళ్లిచ్చిన వాటిలో ఇమిడాక్లోప్రిడ్ ఉంటే పక్కన పెట్టు. అది రసం పీల్చే వాటికి, మరుకాకు కాదు. తేనెటీగలకు చేటని ఐరోపాలో 2018లోనే ఆరుబయట పొలాల్లో వాడకం ఆపేశారు.

చంద్రగిరి మామ:
ఐదు దాటాక కొట్టే కూలీ ఎక్కడున్నాడయ్యా? వాళ్లు మధ్యాహ్నానికే ట్యాంకు దించేస్తారు.

పాకాల రైతు:
నా టెన్షన్ కూడా అదే మామా. 20 గూళ్లు విప్పితే 9 గూళ్లలో పురుగుంది, కొట్టక తప్పదు. మామిడి ఆయనకు చెప్తే, రేపు సాయంత్రం తన స్ప్రేయర్‌తో తనే వచ్చి కొడతానన్నాడు. మందు ఖర్చు మాత్రం నాదేనట.