పాత కాంట్రాక్ట్ చూపించి నా గొంతును ఏఐతో వాడుకోవచ్చా?

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. నాలుగేళ్ల క్రితం ఒక స్టూడియో కోసం ఆడియోబుక్ చదివాను. మొన్న ఒక ప్రకటనలో నా గొంతు వినిపించింది. ఆ మాటలు నేనెప్పుడూ చదవలేదు! అడిగితే, నా పాత రికార్డింగులతో ఏఐకి శిక్షణ ఇచ్చామని, కాంట్రాక్ట్ ప్రకారం ఆ హక్కు తమకుందని అంటున్నారు. అందులో ఉన్న వాక్యం ఇది: "ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో రికార్డింగును వాడుకోవచ్చు."

రికార్డింగు మీద కాపీరైట్ వాళ్లదే, ఒప్పుకుంటాను. గొంతుకు మాత్రం కాపీరైట్ ఉండదు, చాలా దేశాల్లో దాన్ని వ్యక్తిత్వ హక్కుల (మన పేరు, రూపం, గొంతును అనుమతి లేకుండా ఇతరులు వాడకుండా ఆపే హక్కుల) కింద చూస్తారు. 1961 నాటి రోమ్ ఒప్పందం కళాకారుల ప్రదర్శనకు రక్షణ ఇస్తుంది గానీ, గొంతును అనుకరించడం గురించి అందులో ఏమీ లేదు.

రికార్డింగును వాడుకోవడం అంటే దానితో కొత్త మాటలు పుట్టించడం కూడా అవుతుందా? ముందు లాయర్ నోటీసు పంపాలా, లేక ప్రకటన ఆపమని నేరుగా కోర్టుకే వెళ్లాలా? ఆలస్యమైతే స్టే దొరకడం కష్టమని టెన్షన్‌గా ఉంది. ప్రకటన కాపీ, ఒరిజినల్ ఫైళ్లు, ఈమెయిళ్లు అన్నీ దాచాను.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. డబ్బు సంగతి తర్వాత. నేను అనని మాట నా గొంతులో వినబడుతుంటే నిద్ర పట్టడం లేదు.